ఓటీపీ చెప్పడం నేనే నేర్పాను

ఆత్మకూరులో ఒక బ్యాంకు మేనేజరు గదిలో నేను ఒక మాట చెప్పవలసి ఉండి చెప్పలేదు. మా మండలంలోనే పనిచేసిన వెంగమ్మ మేడం అప్పుడు నా పక్క కుర్చీలోనే ఉంది. "ఈమెకు ఓటీపీ చెప్పడం అలవాటు చేసింది నేనే" అని చెప్పి ఉండాలి. అది చెప్పకపోగా దానికి పూర్తిగా విరుద్ధమైన మాట చెప్పాను. ఆమె కూడబెట్టుకున్న డబ్బును ఎవడో దొంగ కాజేశాడు. ఆమె జీతం ఆమె చేతిలోంచి పోవడానికి మాత్రం నా మాటే కారణం.

నేను ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో ప్రభుత్వ బడుల్లో పనిచేసి, అమ్మాయికి ఉద్యోగం రాగానే ఇంకా సర్వీసు ఉండగానే స్వచ్ఛందంగా పదవీ విరమణ తీసుకున్నాను. వీడ్కోలు సభలో "మండలంలో అందరి ఆన్‌లైన్ పనులూ చేసిపెట్టిన మనిషి" అని పొగిడి శాలువా కప్పారు. వెంగమ్మ మేడం వెనక వరుసలో కూర్చుని అందరితోపాటు చప్పట్లు కొట్టింది. నేను నమస్కారాలు పెడుతూ నిలబడ్డాను.

కొత్తగా ఉద్యోగంలో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు "సార్, మాకేమైనా చెప్పండి" అని అడుగుతుంటారు. పాఠం ఎలా చెప్పాలో మీకు శిక్షణల్లో చెబుతారు. వచ్చిన జీతాన్ని ఎలా పట్టుకోవాలో ఎవరూ చెప్పరు. దాని గురించి రాద్దామని కూర్చున్నాను. కానీ నా సంగతి దాచిపెట్టి మీకు సలహాలు ఇస్తే అది మరో అబద్ధం అవుతుంది.

సంచిలో వచ్చిన జీతం

మా నాయన కలువాయి దగ్గర గొర్రెలు మేపినవాడు. జీవాలు అమ్మిననాడు మా ఇంట్లో డబ్బు ఉండేది, లేనినాడు ఉండేది కాదు. నెలకోసారి తప్పకుండా డబ్బు రావడమనేది మా వంశంలో నాతోనే మొదలైంది. అందుకని ఉదయగిరి కొండ కింది ఒక పల్లె బడిలో మొదటి జీతం అందుకున్ననాడు ఆ డబ్బు తలకింద పెట్టుకుని పడుకున్నాను.

అప్పట్లో జీతం నోట్లుగా వచ్చేది. మా హెడ్మాస్టరు మాల్యాద్రి సారు ఉదయగిరి వెళ్ళి బ్యాంకులో డబ్బు తీసుకుని, గుడ్డసంచిలో వేసుకుని, బస్సులో ఆ సంచిని ఒళ్ళో పెట్టుకుని వచ్చేవారు. ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి చేతికిచ్చేవారు. లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుంటే ఒప్పుకునేవారు కాదు.

"నా మీద నమ్మకం ఉంటే పండక్కి భోజనానికి పిలువు. డబ్బు మాత్రం లెక్కపెట్టుకో" అనేవారు.

మా బడిలో ఒక టీచరమ్మ ఉండేది. జీతం రోజున ఆమె భర్త సైకిలేసుకుని గేటు దగ్గరికి వచ్చేవాడు. ఒకసారి నేరుగా హెడ్మాస్టరు గదిలోకే వచ్చాడు.

"ఏం సారూ, మా ఆమె జీతం నా చేతికిస్తే ఏంది? ఇంట్లో ఇద్దరం ఒకటే గదా."

"ఒకటేనబ్బయ్యా, కాదన్లా. రేపట్నుంచి ఆమె బదులు నువ్వొచ్చి మూడో తరగతికి ఎక్కాలు చెప్పు. నీకే ఇస్తా."

"ఎక్కాలు నాకేడొస్తాయి సారూ?"

"అయితే జీతం నీకేడొస్తాది?"

అతను నవ్వేసి బయటికి పోయాడు. సారు ఆమెను పిలిచి ఇచ్చారు. ఆమె లెక్కపెట్టుకుని, గేటు దాకా నడిచి, ఆ డబ్బంతా భర్త చేతిలో పెట్టింది. నేను కిటికీలోంచి చూసి, "సార్, మీరింత కష్టపడినారు. గేటు కాడ ఇచ్చేసింది చూడండి" అన్నాను.

"గేటు దాకా అయినా ఆమె చేతిలో ఉండింది గదరా" అన్నారు మాల్యాద్రి సారు.

అది ఆయన చాదస్తం అనుకున్నాను. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నాకు ఆయన నేర్పినవాటిలో బడికి సంబంధించినవి కొన్ని మరిచిపోయాను కూడా. ఇది మరిచిపోలేదు. మరిచిపోకుండానే దీనికి విరుద్ధంగా ప్రవర్తించాను.

ఆదివారాల గిరాకీ

తరవాత జీతాలు బ్యాంకులో పడడం మొదలైంది. ఆ తరవాత బ్యాంకే ఫోన్లోకి వచ్చింది. ఆ మధ్య కాలంలో నేను ఆత్మకూరుకు బదిలీ అయ్యాను. అమ్మాయి చదువు కోసం నా భార్య నెల్లూరులో ఉండేది. నేను బస్సు డిపో వెనక ఒక గది అద్దెకు తీసుకున్నాను. సాయంత్రం బడి నుంచి వచ్చి తాళం తీస్తే, మళ్ళీ పొద్దున తాళం వేసేదాకా నాతో మాట్లాడే మనిషి ఉండేవాడు కాదు. కాలం గడవక ఒక కంప్యూటరు కొన్నాను. ఒక్కొక్కటే నేర్చుకున్నాను. పే స్లిప్పు తీయడం, ఆదాయపు పన్ను లెక్క వేయడం, పీఎఫ్ లోనుకు దరఖాస్తు పెట్టడం, బదిలీలకు వెబ్ ఆప్షన్లు ఇవ్వడం.

నోట్లు రద్దయినప్పుడు ఏటీఎంల ముందు నిలబడలేక మా టీచర్లంతా ఫోన్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. అందరి ఫోన్లలోనూ డబ్బు పంపే యాప్ వేసి ఇచ్చాను. అప్పట్నుంచి ఆదివారం వస్తే నా గది నిండిపోయేది. ఉదయగిరి నుంచి, కలువాయి నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళు. వస్తూ వేరుశెనక్కాయలో, మామిడికాయలో, టిఫిన్ క్యారియర్లో కూరో తెచ్చేవాళ్ళు. మంచం మీద చోటు చాలక గడపలో కూర్చునేవాళ్ళు. బదిలీల కబుర్లు, మండల విద్యాధికారి ఎంఈవో మీద జోకులు, పిల్లల పెళ్ళి సంబంధాలు, అన్నీ అక్కడే. నేను ఆదివారాలు నెల్లూరు వెళ్ళడం మానేశాను. ఇక్కడ పనుందని ఇంట్లో చెప్పేవాణ్ణి.

వాళ్ళు పని కోసం వస్తున్నారని నాకు తెలుసు. ఆ పని వాళ్ళకే వచ్చేస్తే రారని కూడా తెలుసు. అందుకే ఎవరికీ నేర్పలేదు. చేసిపెట్టాను. "మీకెందుకు సార్ శ్రమ, ఫోనిటియ్యండి" అనేవాణ్ణి. అందరూ దాన్ని నా మంచితనం అనుకున్నారు. కొంతకాలానికి నేనూ అలాగే అనుకున్నాను.

గదికి రాలేనివాళ్ళ పనులు ఫోన్ మీదే నడిచేవి. నా దగ్గర అందరి వివరాలూ ఉండేవి కాబట్టి నేను ఇక్కడ వాళ్ళ లాగిన్ తెరిస్తే వాళ్ళ ఫోనుకు ఓటీపీ వెళ్ళేది. వెంటనే ఫోన్ చేసేవాణ్ణి. బాగున్నారా అని కూడా అడిగేవాణ్ణి కాదు. "నంబరొచ్చింటాది, చెప్పండి" అనేవాణ్ణి. అవతలి టీచరు పాఠం చెబుతున్నా ఆపి, రెండేసి అంకెల చొప్పున చదివేసేవాళ్ళు. అలా చదవాలని నేనే అలవాటు చేశాను. ఏ పనికి, ఏ దరఖాస్తుకు అని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఒక్క వెంగమ్మ మేడం అడిగేది.

ఆమె ఉదయగిరి రోడ్డు మీదున్న ఒక ఊరి బడిలో టీచరు. ఇల్లు ఆత్మకూరులోనే. నెమ్మదైన మనిషి. ఓటీపీ అడిగినప్పుడల్లా "ఇది దేనికి సార్?" అనేది. రెండు మూడుసార్లు సహించాను. ఒకరోజు మండల ఆఫీసులో అందరం కలిసినప్పుడు ఆమె ఫోను తీసుకుని ఏదో నింపుతుంటే మళ్ళీ అడిగింది. నాకు కోపం వచ్చింది.

"ఏం మేడం, నేనేమన్నా మీ ఆస్తి రాయించుకుంటుండానా? నమ్మకం లేకపోతే నెట్ సెంటరుకు పోయి డబ్బులిచ్చి చేయించుకోండి" అన్నాను.

అందరూ నవ్వారు. "మేడమ్‌కు కోట్లుండాయి సార్, భయం ఉండదా!" అన్నారెవరో.

"అట్టా కాదు సార్, తెలుసుకుందామని..." అని ఆమె సగంలో ఆగిపోయింది. తరవాత ఎప్పుడూ అడగలేదు. నేను ఫోన్ చేస్తే అందరిలాగే అంకెలు చదివేది.

ఆమె గురించి ఇంకొక సంగతి చెప్పాలి. ఒక ఆదివారం ఆమె తన అక్క చెంచమ్మను వెంటబెట్టుకుని నా గదికి వచ్చింది. చెంచమ్మ కలువాయిలో ఒంటరిగా ఉండేది. మేకలు కాసి, అమ్మి, చెల్లెలిని టీచరు ట్రైనింగు చదివించింది ఆమే. తాను పెళ్ళి మాటే ఎత్తలేదు. ఇప్పుడు మోకాళ్ళు అరిగి పని చేయలేకపోతోంది. వెంగమ్మ మేడం నెలనెలా ఆమెకు కొంత ఇవ్వాలనుకుంది. చెంచమ్మకు ఫోను లేదు. ఆమె ఇంటి పక్క కిరాణా అంగడాయన ఫోనుకు పంపితే ఆయన నోట్లిస్తాడు. అక్కకు ఈ ఏర్పాటు మీద నమ్మకం కుదరలేదు.

"ఫోన్లోంచి నోట్లెట్టా వస్తాయే పాపా? యాడన్నా చీలిక ఉండాదా దానికి?" అంది చెంచమ్మ.

మేము నవ్వుతూనే డబ్బు పంపాము. అంగడాయన ఫోన్ చేసి "వచ్చినాయమ్మా" అన్నాడు. చెంచమ్మ ఫోనును అటూ ఇటూ తిప్పి చూసి, నాకు దణ్ణం పెట్టింది. వెంగమ్మ మేడం అంత సంతోషంగా ఉండడం నేను అంతకుముందు చూడలేదు. "మా ఆయన్ను అడగాల్సిన పన్లేదు సార్ ఇంక" అంది.

మేనేజరు గదిలో

ఆమె భర్త రమణయ్య వ్యవసాయం చేస్తాడు. ఊళ్ళో పెద్దమనిషి, ఎన్నికలప్పుడు తీరిక ఉండని మనిషి. చెడ్డవాడు కాదు. వదినెకు డబ్బు పంపడం మాత్రం ఆయనకు ఇష్టం లేదు. "ఎంతకాలం పెడతాం" అనేవాడట. ఏటీఎం కార్డు తనకిమ్మని అప్పుడప్పుడు అడిగేవాడు. బడి ఖర్చులకు కావాలని ఆమె ఏదో ఒకటి చెప్పి దగ్గరే ఉంచుకునేది.

ఒకరోజు ఆయన నాకు ఫోన్ చేశాడు. "పెంచలయ్య సారూ, ఒకసారి బ్యాంకు కాడికి రండి. మా ఆమె కొంప ముంచింది."

వెళ్ళేసరికి మేనేజరు ముందు ఇద్దరూ కూర్చుని ఉన్నారు. ఎవడో ట్రెజరీ నుంచి మాట్లాడుతున్నానని ఆమెకు ఫోన్ చేశాడు. డీఏ అరియర్లు పడాలంటే ఖాతా సరిచూడాలని, కార్డు మీది అంకెలు అడిగాడు. తరవాత "నంబరొచ్చింటాది, చెప్పండి" అన్నాడు. ఆమె రెండేసి అంకెల చొప్పున చదివింది. మళ్ళీ ఒకటి వచ్చింది, అదీ చదివింది. అక్కకు రేకుల గది వేయిద్దామని ఎన్నో నెలలుగా కూడబెట్టిన డబ్బు ఆ కొద్దిసేపట్లో పోయింది. ఫిర్యాదు చేశారు. కొంతైనా వెనక్కి వస్తుందేమో చూద్దామన్నారు. రాలేదు.

"మేడం, టీచరయ్యుండి మీరు ఓటీపీ ఎలా చెప్పారండీ?" అన్నాడు మేనేజరు. కుర్రవాడు.

"మన వాళ్ళెవరో అనుకున్నా సార్" అంది ఆమె.

"అడగండి సార్, గట్టిగా అడగండి. పిలకాయలకు పాఠాలు చెప్తాది ఈమె" అన్నాడు రమణయ్య. తరవాత నా వైపు తిరిగాడు. "ఏం సారూ, మీరు అందురికీ ఫోను పనులు చేసిపెడతారంట గదా. ఓటీపీ ఎవురికీ చెప్పబాకమని ఈమెకు ఎప్పుడూ చెప్పలేదా?"

ఆమె తలెత్తి నా వైపు చూసింది. భయంగా కాదు. నేను ఉన్నది ఉన్నట్టు చెబుతానన్న ధీమాతో చూసింది.

మేనేజరు గదికి అద్దాల తలుపు. బయట మాకు తెలిసిన టీచర్లు ఇద్దరు నిలబడి లోపలికి చూస్తున్నారు. నేను నిజం చెబితే సాయంత్రానికి మండలమంతా తెలుస్తుంది. వచ్చే ఆదివారం నా గదికి ఎవరూ రారు. నేను ఆలోచించింది అంతే. ఆమె గురించి ఆలోచించలేదు.

"చెప్పినానండీ. చాలాసార్లు చెప్పినా" అన్నాను.

ఆమె "లేదు" అనలేదు. తల దించుకుంది. రమణయ్య చెయ్యి చాపి "కార్డియ్యి" అన్నాడు. బ్యాగులోంచి తీసి ఇచ్చింది. చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఆ సిమ్ము కూడా నా ఫోన్లో ఏస్తా. నీకు మాట్లాడుకోను చిన్న ఫోను కొనిస్తాలే" అన్నాడు. నేను ఇంకా అక్కడే ఉన్నాను. అప్పటికీ ఆలస్యం కాలేదు. ఒక్క మాట చాలు. మేనేజరు నాకు టీ తెప్పించాడు. తాగి వచ్చేశాను.

చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే తరవాతి కాంప్లెక్స్ మీటింగులో ఎంఈవో గారు "పెంచలయ్యా, ఈ ఓటీపీ మోసాల మీద నువ్వొక పది నిమిషాలు మాట్లాడు" అన్నారు. మాట్లాడాను. "డిగ్రీలు చదివిన మనమే ఎవరో అడగ్గానే నంబరు చెప్పేస్తే ఇంక పల్లెల్లో వాళ్ళ సంగతేంది?" అన్నాను. పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. అందరూ ఒకే కుర్చీ వైపు తిరిగి చూశారు. ఆమె తలొంచుకుని, నేను చెప్పే జాగ్రత్తలు అందరిలాగే రాసుకుంటోంది.

పక్క కుర్చీలో అప్పు

కొత్తవాళ్ళకు చెప్పదలచుకున్నది ఇక్కడ చెబుతాను. పాతరోజుల్లో మా అప్పులన్నీ బహిరంగం. ఒకరు లోను తీసుకుంటే మరొకరు జామీను సంతకం పెట్టాలి. నేను మొహమాటానికి ఒకరికి సంతకం పెట్టి, అతను కట్టకపోతే నా జీతంలోంచి కోయించుకున్నాను. మొహమాటానికి సంతకం పెట్టకండి, అది మంచితనం కాదు. కానీ ఆ సంతకాల వల్ల ఎవరు ఎంత బాకీలో ఉన్నారో స్టాఫ్‌రూమ్‌లో అందరికీ తెలిసేది. తిట్టుకునేవాళ్ళం, ఆదుకునేవాళ్ళం.

ఇప్పుడు అప్పు ఫోన్లో పుడుతుంది. నా చివరి బడిలో ఒక కుర్ర టీచరు ఉండేవాడు. మధ్యాహ్నం అన్నం తింటూ కూడా ఫోనులోనే ఉండేవాడు. షేర్లలో పోగొట్టుకుని, అది పూడ్చడానికి లోన్ యాప్‌లో తీసుకుని, దాన్ని తీర్చడానికి మరో యాప్‌లో తీసుకున్నాడట. ఇవేవీ పక్క కుర్చీలో కూర్చునే నాకు తెలియదు. వసూలుకు ఎవడో నాకే ఫోన్ చేసి అతన్ని బూతులు తిడితే తెలిసింది. అతని ఫోనులో పేర్లున్న వాళ్ళందరికీ చేస్తున్నారట.

"ఏందబ్బయ్యా, ఒక్క మాట చెప్పుకోగూడదా?" అన్నాను.

"ఎవురికి చెప్పాల సార్? ఈడ అందురూ ఎవురి ఫోన్లో వాళ్ళుండారు" అన్నాడు.

చివరికి వాళ్ళ నాయన కొంత పొలం అమ్మి గట్టెక్కించాడు. మీ ఆదాయం ఎంతో, అప్పు ఎంతో కనీసం ఒక్క మనిషికైనా నోటితో చెప్పండి. యాప్‌కు తెలిసింది మీ మనుషులకు తెలియకపోవడమే ప్రమాదం. మరొకటి. మీ పని మీరే నేర్చుకోండి. నాలాంటివాడు "ఇటియ్యండి, నేను చేస్తా" అంటే ఇవ్వకండి. ఎందుకని అడగండి. అడిగితే విసుక్కునేవాడి చేతికి ఫోను అసలే ఇవ్వకండి. అతను దొంగ కాకపోవచ్చు. మిమ్మల్ని దొంగకు సిద్ధం చేస్తాడు. జీతం ఎవరిదో కార్డు వాళ్ళ దగ్గరే ఉండాలి. ఇంట్లో ఎంత ప్రేమ ఉన్నా సరే.

అనుమసముద్రంపేటలో

నేను భయపడింది ఎలాగూ జరిగింది. ఫోన్లు తేలికయ్యాయి. హాజరు కూడా ఎవరి ముఖం వాళ్ళే ఫోనుకు చూపించుకుని వేసుకుంటున్నారు. టీచర్లు తమ పనులు తామే చేసుకోవడం నేర్చారు. ఆదివారాలు ఒక్కొక్కరే తగ్గి, చివరికి ఎవరూ రాలేదు. పండగలకు మాత్రం వాట్సాప్‌లో పువ్వుల బొమ్మలు వచ్చేవి.

విరమణ తరవాత నెల్లూరు వెళ్ళాను. నా భార్య, కూతురు నన్ను బాగానే చూశారు. కానీ వాళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి నేను లేకుండా ఒక ఇల్లు నడుపుకున్నారు. ఏ డబ్బాలో ఏముందో నాకు తెలియదు. వాళ్ళ మాటల్లో వచ్చే మనుషులు నాకు తెలియదు. నేను గదిలోకి వస్తే వాళ్ళు మాట మార్చి నాకు అర్థమయ్యే సంగతులు మాట్లాడేవాళ్ళు. పెన్షను కాగితాల పని ఉందని చెప్పి ఆత్మకూరు గదికి తిరిగొచ్చాను. ఇద్దరూ ఆపలేదు.

మనుషుల మధ్య కాసేపు కూర్చోవాలనిపించినప్పుడు ఆత్మకూరుకు దగ్గర్లోని అనుమసముద్రంపేట వెళ్ళడం అలవాటైంది. దర్గాకు వచ్చే జనంతో ఆ వీధి సందడిగా ఉంటుంది. అక్కడ ఒంటరిగా కూర్చున్నవాణ్ణి ఎవరూ వింతగా చూడరు. ఒకరోజు ఒక టిఫిన్ అంగట్లో దోసె తిని చెయ్యి కడుక్కోవడానికి వెనక్కి వెళితే, కొళాయి దగ్గర ఒక పెద్దామె పీట మీద కూర్చుని ప్లేట్లు తోముతోంది. నన్ను చూసి లేవబోయి, మోకాళ్ళు సహకరించక మళ్ళీ కూర్చుంది.

"మీరు ఆత్మకూరు సారు గదా? మా పాపకు ఫోన్లో డబ్బులు పంపేది చూపిచ్చిన సారు?"

చెంచమ్మ. నేను గుర్తుపట్టలేదు. ఆమే నన్ను గుర్తుపట్టింది.

"ఈడ పన్జేస్తుండావా అమ్మా?"

"ఏం చేసేది సామీ? పాప దగ్గర కార్డు పెరుక్కునినాడంట ఆయన. బస్సు చార్జీలక్కూడా ఆయన్నే అడగాలంట. నాకేం పంపుద్ది? ఈడ తిండి పెడతారు, పండుకోను చోటుండాది." చేతులు కొంగుకు తుడుచుకుని నాకు దణ్ణం పెట్టింది. "మీరు మంచి చెయ్యబోయినారు సామీ. ఏందో, మా పాపే ఎవురికో నంబరు చెప్పి పోగొట్టుకుంది."

"పాప నా గురించి ఏమన్నా చెప్పిందా అమ్మా?"

"మిమ్మల్నేమంటాది? మీ మీద ఒక్క మాట అన్లా."

ఆమె మళ్ళీ ప్లేట్లు తోమడం మొదలుపెట్టింది. అంగడాయన గదిమినట్టు "చెంచమ్మా, ప్లేట్లు!" అని అరిచాడు. నేను బస్టాండుకు వచ్చి, వచ్చిన మొదటి బస్సు ఎక్కలేదు. రెండోదీ ఎక్కలేదు.

రమణయ్య ఇంట్లో

మర్నాడు సాయంత్రం, ఆమె బడి నుంచి వచ్చే వేళ చూసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అబద్ధం ఆయన ముందు చెప్పాను కాబట్టి నిజం కూడా ఆయన ముందే చెప్పాలి. రమణయ్య వసారాలో కుర్చీ వేసుకుని ఫోను చూస్తున్నాడు.

"ఏం సారూ, దారి తప్పినారే! రిటైరైనాక మనిషే కనపడ్లా."

"మీ ఇద్దురికీ ఒక మాట చెప్పాలని వచ్చినా రమణయ్యా. మేడమ్‌ను కూడా రమ్మనండి."

ఆమె వచ్చి గడప పక్కన నిలబడింది. భుజాన బడి బ్యాగు ఇంకా తీయలేదు. నేను మొదట్నుంచీ చెప్పాను. అందరి చేతా ఓటీపీలు చెప్పించింది, ఆమె ఎందుకని అడిగితే అందరి ముందు కసిరింది, బ్యాంకులో ఆయన అడిగినప్పుడు చెప్పినానని అబద్ధమాడింది. రమణయ్య ఫోను పక్కన పెట్టాడు.

"ఎన్నేండ్ల కిందటి మాట సారూ! ఇప్పుడెందుకు తవ్వుతారు?"

"ఆ రోజు మీరు నన్నే అడిగినారు. నేను నిజం చెప్పలా."

"అంటే ఈమె తప్పేం లేదంటారా?"

"లేదు. ఆ ఫోను ఈ మండలంలో ఏ టీచరుకొచ్చినా చెప్పుండేవాళ్ళు. నేనట్టా తయారు చేసి పెట్టినా అందర్నీ." నేను ఇంకొంచెం ధైర్యం చేశాను. "మేడం కార్డు మేడమ్‌కు..."

"సార్" అంది వెంగమ్మ మేడం. ఆమె గొంతు అంత గట్టిగా ఉండడం నేను ఎప్పుడూ వినలేదు. "కార్డు సంగతి మీరు మాట్లాడబాకండి. అది నా జీతం, నేనే అడుగుతా. ఈ పొద్దే అడుగుతా." భర్త వైపు చూసింది. ఆయన చూపు తిప్పుకున్నాడు. ఆమె మళ్ళీ నా వైపు తిరిగింది. "మీరు ఆయనకు చెప్పాల్సింది చెప్పినారు. నాకు చెప్పాల్సింది ఇంకా చెప్పలా."

నేను నిలబడే ఉన్నాను. ఆమె బడి బ్యాగు తీసి గడప పక్కన పెట్టింది.

"డబ్బు పోయినందుకు నేను ఏడవలా సార్. బ్యాంకులో మీరు ఆ మాట అన్నప్పుడు కూడా ఏడవలా, భయపడి అన్నారులే అనుకున్నా. మీటింగులో మైకు పట్టుకునినారు చూడండి, ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చినా. మా అక్క ఈ పొద్దుకీ నాదే తప్పనుకుంటాది. నేనూ కొన్నాళ్ళు అట్టానే అనుకున్నా."

రమణయ్య లేచి లోపలికి పోబోయి, ఆగి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను చేతులు జోడించాను.

"మేడం, మిమ్మల్ని అడగనీకుండా నోరు మూయించింది నేను. మేనేజరు ముందు అబద్ధం చెప్పింది నేను. అది చాలక, మైకు పట్టుకుని అందరి ముందు మిమ్మల్ని తెలివిలేని మనిషిగా చూపిచ్చింది నేను. నా గదికి మనుషులు రావడం మానేస్తారని భయపడి ఇదంతా చేసినా. మీ తప్పు ఏ కొంచెమూ లేదు. మీ అక్క దగ్గరికి నేనే పోయి ఇదే మాట చెప్తా. తప్పు నాది. నన్ను క్షమించమని అడుగుతుండా మేడం."